కార్డు మీద పిల్ల

అక్క పోయిన తర్వాత పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆమె మంచితనం గురించే మాట్లాడారు. వాళ్ళు చెప్పిందేదీ అబద్ధం కాదు. కానీ ఆ మాటల్లో నాకు అక్క కనబడలేదు. అక్క కోపిష్టి. ఎదుటివాళ్ళకు నచ్చుతుందా లేదా అని చూసి మాట్లాడే మనిషి కాదు. నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి రాస్తే ఆమె కొంతైనా కనబడుతుందేమోనని ఇది రాస్తున్నాను.

తెల్లకార్డు ఉన్న కుటుంబాలకు పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేయించే పథకం అప్పుడే కొత్తగా వచ్చింది. అక్క రేపల్లె దాటి కృష్ణ ఒడ్డుకు వెళ్ళే దారిలో ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసేది. నేను తెనాలిలో పాఠాలు చెప్పే కాలేజీ మూతపడి, కొన్నాళ్ళు అక్క ఇంట్లో ఉన్నాను. ఆమెకు బండి నడపడం రాదు. టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నా మోపెడ్ వెనక కూర్చునేది.

ఏటి ఒడ్డున ఒక ఇటుకల బట్టీ ఉండేది. సంక్రాంతి ముందు నుంచి ఎండాకాలం చివరిదాకా అక్కడ పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబాలు పనిచేసేవి. పచ్చి ఇటుకలే పేర్చి, పైన తాటాకు కప్పుకుని ఉండేవాళ్ళు. అక్క చూడవలసిన ఇళ్ళ లెక్కలో ఆ గుడిసెలు లేవు. వాళ్ళు ఆ ఊరివాళ్ళు కారు. వెళ్ళకపోయినా ఎవరూ అడగరు. అక్క వెళ్ళేది, వెళ్ళినందుకు విసుక్కునేది కూడా. "వీళ్ళు రేపో మాపో పోతారు. రెండో డోసు ఎవడేస్తాడు?" అని దారంతా గొణిగేది.

ఆ పిల్లను మొదటిసారి అక్కడే చూశాం. ఎనిమిదేళ్ళుంటాయేమో. మిగతా పిల్లలు ఆరబెట్టిన ఇటుకల వరసల మధ్య పరుగులు పెడుతుంటే, ఈ పిల్ల కాస్త దూరం వెళ్ళి గొంతుక్కూర్చునేది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఊపిరి అందేదాకా అలాగే ఉండి లేచేది.

"ఏంటమ్మా, ఈ పిల్ల అట్టా కూలబడిపోతుందేం?" అని అక్క తల్లిని అడిగింది.

"గంతే నర్సమ్మా. ఉరికితె ఆయాసమొస్తది. కూసుంటె తగ్గుతది. పుట్టినప్పటి సంది గంతే."

పక్కనున్న మేస్త్రీ మా వైపువాడే. నవ్వుతూ, "పనిదొంగండి సిస్టరుగారూ. నేను కనపడితే కూచుంటది," అన్నాడు.

"నువ్వు కనపడితే నాకూ కూలబడాలనే ఉంటది. పక్కకి జరుగు, వెలుతురు పడట్లా," అని అక్క ఆ పిల్ల చేతులు పట్టుకుని చూసింది. మట్టి కడిగించి మళ్ళీ చూసింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. పెదవులు కూడా. అక్క ముఖంలో విసుగు పోయింది. అది పోయిందంటే నాకు భయం వేసేది.

రేపల్లె ఆసుపత్రి డాక్టరు గుండెలో శబ్దం ఉందని, బాపట్లలో గుండె డాక్టర్ల శిబిరం జరగబోతోందని, అక్కడికి తీసుకెళ్ళమని చెప్పాడు. తీసుకెళ్ళాం. ఒక బడిలో బల్లలు పక్కకు తోసి శిబిరం పెట్టారు. పట్నం ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టరమ్మ యంత్రం మీద చాలాసేపు చూసింది. పిల్ల తండ్రిని పిలిచి నెమ్మదిగా చెప్పింది. గుండెలో రంధ్రం ఉంది. ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకుగా ఉంది. ఆపరేషన్ చేస్తే మామూలు పిల్లల్లా తిరుగుతుంది. చేయకపోతే ఏ రోజు ఏమవుతుందో చెప్పలేం.

"తెల్లకార్డు ఉందా?"

"ఉన్నది డాక్టరమ్మా. ఊర్ల ఉన్నది."

"వచ్చే శిబిరానికి తీసుకురండి. కార్డు చూసి ఇక్కడినుంచే వ్యాన్‌లో పంపిస్తాం."

వలస వచ్చేవాళ్ళు కార్డు వెంట తెచ్చుకోరు. ఊళ్ళో మిగిలిన మనిషి బియ్యం తెచ్చుకోవాలి కదా. ఈ కుటుంబం కార్డు తండ్రివాళ్ళమ్మ దగ్గర ఉంది. మేస్త్రీ సణుగుతూనే సెలవిచ్చాడు. తండ్రి వెళ్ళి, పాలిథిన్ కవరులో చుట్టిన కార్డుతో తిరిగి వచ్చాడు. ఆ రోజు అక్కా నేనూ బట్టీ దగ్గరే ఉన్నాం.

అక్క కార్డు తెరిచింది. ఆ రోజుల్లో కార్డు మీద కుటుంబమంతా కలిసి దిగిన చిన్న ఫోటో ఉండేది. ముసలమ్మ, కొడుకు, కోడలు, కోడలి ఒళ్ళో ఒక పిల్ల. అక్క ఫోటో చూసింది, పిల్లను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది.

"ఇదెవరు?"

కాస్త దూరంలో ఒకామె మట్టి తొక్కుతోంది. ఆమె పిల్లకు మేనత్త, తండ్రికి చెల్లెలు. మొగుడు వదిలేస్తే అన్నతోపాటే వలస వస్తోంది. ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

తండ్రి చెప్పుకొచ్చాడు. కార్డుకు ఫోటో తీసిన రోజు పిల్లకు జ్వరం, అమ్మమ్మగారి ఊళ్ళో ఉంది. "నాలుగు పేర్లుంటె నాలుగు తలకాయలు కూసోవాలన్నరు నర్సమ్మా. తలకాయ తక్కువుంటె పేరు కొట్టేస్తమన్నరు. మా చెల్లె బిడ్డకు గప్పుడు గదే వయసు. కూసోబెట్టినం. అందరం గట్లనే చేసినం. మా పక్కింటోళ్ళు ముసలాయన లేడని ఆయన తమ్ముణ్ణి కూసోబెట్టిన్రు."

"ఈ పిల్ల ఇప్పుడెక్కడుంది?"

దీనికి తల్లే గొంతు తగ్గించి జవాబు చెప్పింది. పోయినేడు ఇంకో బట్టీ దగ్గర ఉన్నప్పుడు ఆ పిల్లకు జ్వరం వచ్చింది. దవాఖానకు పోతే ఏ ఊరు, ఏ కార్డు అని అడుగుతారేమోనని, కార్డు లేకుండా ఎలా పోతామని ఆగారు. ఎవరూ అడగకముందే ఆగిపోయారు. వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది.

మేనత్త చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి అక్క చేతిలోంచి కార్డు తీసుకుంది. ఫోటో చూసుకుంది. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళి మళ్ళీ మట్టి తొక్కడం మొదలుపెట్టింది. ఆ పిల్లకు ఉన్న ఫోటో అదొక్కటే. తన బిడ్డ పోయిందని ఆమె ఎప్పుడూ అనేది కాదని తర్వాత గమనించాను. 'కార్డు మీద పిల్ల' అనేది. అంతే.

ఆ సాయంత్రం గుడిసెల ముందు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.

మేస్త్రీ, "ఎవడు చూస్తాడండీ? నాలుగేళ్ళ నాటి ఫోటో. పిల్లలు మారరా ఏంటి? అవునంటే అయిపోద్ది," అన్నాడు. తండ్రికీ అదే నయమనిపించింది.

తల్లి మాత్రం ఒప్పుకోలేదు. "పోయిన పిల్ల మొకంతోని నా బిడ్డను కత్తి కిందికి పంపుమంటవా? ఆ కార్డు చూసి దేవుడు ఏ పిల్లనుకుంటడు?" అంది.

అక్క దేవుడి మాట ఎత్తలేదు. "శిబిరంలో చూడకపోయినా పట్నం ఆసుపత్రిలో చూస్తారు. ఆపరేషన్‌కి ముందు పిల్లకి ఫోటో తీసి కార్డుతో పోలుస్తారు. అప్పుడు తేడా వస్తే, ఇంకెవరి కార్డో తెచ్చారనుకుని వెనక్కి పంపేస్తారు. రెండోసారి మీ మొహం ఎవరూ చూడరు. కార్డు మీ ఊరి ఆఫీసులో ఇచ్చేసి కొత్తది రాయించుకోండి," అంది.

"ఇచ్చేసుడా?" అంది మేనత్త. "నేనియ్య."

అక్క ఎంత చెప్పినా ఆమె అదే మాట. ఆమెది మొండితనమే అనుకున్నాను అప్పుడు. ఈమధ్య అక్క ఫోటో పటం కట్టించడానికి ఇల్లంతా వెతికాం. అందరినీ కూర్చోబెట్టి ఫోటోలు తీయించిన మనిషికి, ఉద్యోగం గుర్తింపు కార్డు మీది తపాలాబిళ్ళంత ఫోటో తప్ప ఇంకోటి దొరకలేదు. దాన్ని స్టూడియోకు తీసుకెళ్తూ దారిలో మూడుసార్లు జేబు తడుముకున్నాను.

కార్డు మార్పించాలన్నా అది శిబిరంలోపు అయ్యేది కాదని తెలిసింది. ఈలోగా పిల్లకు జబ్బు ఎక్కువైంది. ఒకరోజు పొద్దున్నే మేస్త్రీ ఫోన్ చేశాడు. మేం వెళ్ళేసరికి పిల్ల ఒళ్ళంతా నల్లబడి, కళ్ళు తేలవేసి ఉంది. చుట్టూ మూగినవాళ్ళు మొహాన నీళ్ళు కొడుతున్నారు. అక్క వాళ్ళను నెట్టి, పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి రొమ్ముకు గట్టిగా అదిమి పట్టుకుంది. "అదేంటండీ, అట్టా నొక్కితే పిల్ల..." అని మేస్త్రీ అనబోతే, "నోర్ముయ్యి, ఆటో పిలువు," అంది. కొంతసేపటికి పిల్ల మూలిగింది. పెదవుల మీద రంగు కాస్త తిరిగింది. అక్క చేతులు మాత్రం వదల్లేదు.

రేపల్లె నుంచి తెనాలి ఆసుపత్రికి పంపారు. అక్కడ ఆక్సిజన్ పెట్టారు. శిబిరం ఉన్న రోజుదాకా అక్కడే ఉంచుకుంటామని, ఆ తర్వాత ఆలస్యం చేయవద్దని డాక్టరు చెప్పాడు.

వరండాలో తండ్రి, మేనత్త దెబ్బలాడుకున్నారు.

"కార్డియ్యవే."

"నా కాడ ఉంటె నీ కాడ ఉన్నట్లు గాదా? నేను గూడ వస్త. నేనే చూపెడత."

"చూపెట్టినాక ఆడ పెట్టుకుంటరంట."

"పెట్టుకోనియ్య."

"నా బిడ్డ సస్తదే!"

మేనత్త తలుపు సందులోంచి మంచం మీది పిల్లను చూసింది. ఆ పిల్లను సగం పెంచింది ఆమే. తల్లి ఇటుకలు కోసే వేళ ఎత్తుకుని తిరిగింది ఆమే. వెళ్ళి పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. రెండో చేయి నడుము సంచి మీదే ఉంది.

శిబిరం రోజు తెనాలిలో రైలెక్కాం. పిల్ల మెట్లెక్కకూడదు కాబట్టి వంతెన మీద నేనే ఎత్తుకుని నడిచాను. ఎనిమిదేళ్ళ పిల్ల బరువు లేదు. దాని గుండె చప్పుడు నా భుజానికి తగులుతూనే ఉంది. నడక నెమ్మది చేస్తే రైలు దాటిపోతుందని భయం, తొందర చేస్తే పిల్లకేమవుతుందోనని భయం. రైల్లో అక్క చెవిలో, "నువ్వు మాత్రం అక్కడ ఏమీ మాట్లాడకు. వాళ్ళ కార్డు, వాళ్ళ పిల్ల. వాళ్ళనే చెప్పుకోనీ," అన్నాను. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

బడి ఆవరణలో వ్యాన్ ఆగి ఉంది. వెళ్ళవలసినవాళ్ళు అప్పటికే ఎక్కుతున్నారు. కార్డులు చూసే బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది, మర్యాదగా మాట్లాడే మనిషి. మేనత్త సంచిలోంచి కార్డు తీసి, చేతిలోంచి వదలకుండానే బల్ల మీద పెట్టింది.

"పాప పేరేంటండి?"

తండ్రి చెప్పాడు. పేరు సరిపోయింది. ఆ అమ్మాయి ఫోటో మీదికి వంగింది.

"ఫోటోలో బుగ్గలు నిండుగా ఉన్నాయే. బాగా చిక్కిపోయిందా?"

"జబ్బు గదమ్మా," అన్నాడు తండ్రి.

ఆ అమ్మాయి కలం తెరిచింది. సంతకం పెట్టబోతూ, మాటవరసకే అన్నట్టు తల్లి వైపు చూసి, "మీ పాపేనా అమ్మా?" అంది.

తల్లి పెదవులు కదిలాయి. పిల్లను దగ్గరికి లాక్కుని ఏడవడం మొదలుపెట్టింది. అమ్మాయి కలం పక్కన పెట్టింది.

"అవునమ్మా, మా బిడ్డే. ఆడది, భయపడుతున్నది," అన్నాడు తండ్రి.

అమ్మాయి ఇప్పుడు ఫోటో పైకెత్తి పిల్ల ముఖం పక్కన పెట్టి చూసింది.

అక్క ముందుకు వచ్చింది. నేను చెయ్యి పట్టుకున్నాను, విదిలించుకుంది. "ఫోటోలో ఉన్నది ఈ పాప కాదమ్మా," అంది. ఉన్నదెవరో, ఎందుకు కూర్చోబెట్టారో, ఆ పిల్ల ఏమైందో మొత్తం చెప్పింది. తాను ఎక్కడ పనిచేస్తుందో కూడా చెప్పింది.

తండ్రి అక్క మీదికి వచ్చాడు. "నర్సమ్మా, నా బిడ్డ గొంతు కోసినవ్! నిన్నెవరు అడిగిన్రు? బతికిపోయే బిడ్డను..." నేను అడ్డం వెళ్ళాను. నాకూ అక్క మీద అంత కోపమే వచ్చింది. వ్యాన్ పదడుగుల దూరంలో ఉంది.

అక్క, "అక్కడ పట్టుకుంటే ఇంకేం చెయ్యలేం. ఇక్కడ చెప్తే ఏదన్నా దారుంటుంది," అంది. దారుందని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

బల్ల దగ్గరి అమ్మాయి ముఖం పాలిపోయింది. "ఏంటండీ ఇది? అసలు ఫోటోలో పాప లేకపోతే ఇబ్బందే లేదు. పుట్టిన సర్టిఫికెట్ తెస్తే సరిపోయేది. ఇక్కడ ఈ పేరు మీద ఇంకో పాప ఉంది. ఒకళ్ళ కార్డు మీద ఇంకొకళ్ళకి చేయించానని రేపు నా మీదకొస్తుందండి."

తలకాయ లేకపోతే పేరు పోతుందని భయపడి వేరే తలకాయను కూర్చోబెట్టారు. ఆ తలకాయే ఇప్పుడు అడ్డమైంది.

అమ్మాయి లేచి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. బయట డ్రైవరు వ్యాన్ స్టార్టు చేసి, హారన్ కొట్టి, మళ్ళీ ఆపాడు. పిల్ల నేల మీద గొంతుక్కూర్చుంది. అక్క దాని నాడి పట్టుకుని ఉంది. తండ్రి అక్క వైపు చూడడం లేదు.

డాక్టరమ్మే బయటికి వచ్చింది. పిల్లను ఒకసారి చూసి, ఆగే వ్యవధి లేదని తాను రాసిస్తానంది. పట్నం ఆఫీసుతో ఫోన్‌లో మాట్లాడింది. పిల్లను ఈ రోజే చేర్చుకుంటారు. అయితే రెండు కావాలి. ఒకటి, ఫోటోలో ఉన్న పాప వేరని, ఆ పాప ఇప్పుడు బతికి లేదని, ఆ పాప తల్లి స్వయంగా చెప్పి వేలిముద్ర వేయాలి. రెండు, కార్డు ఇక్కడ ఇచ్చేయాలి. సరిచేయడానికి వాళ్ళ ఊరి ఆఫీసుకు పంపుతారు.

అందరం మేనత్త వైపు చూశాం. ఆమె కార్డు తీసుకుని వెళ్ళి వరండా చివర గోడకు ఆనుకుని కూర్చుంది.

తండ్రి వెళ్ళబోతే అక్క ఆపింది. తనే వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"ఇస్తే ఈ ఫోటో తీసేస్తరా నర్సమ్మా?"

"తీసేస్తారు. కొత్తది అతికిస్తారు. నీకు అబద్ధం చెప్పను."

"మల్ల ఇయ్యరా?"

"ఇయ్యరు."

డ్రైవరు ఇంకోసారి హారన్ కొట్టాడు.

గేటు ఎదురుగా ఫోటో స్టూడియో ఉంది. నాకు తోచి ఆ మాట చెప్పాను. మేనత్త లేచింది. స్టూడియో అతను కార్డును వెలుతురుకు పెట్టి ఫోటో తీసి, పిల్ల ముఖం వరకు పెద్దది చేసి కాగితం మీద దించాడు. ఫోటోలో మినపగింజంత ఉన్న ముఖం. పెద్దది చేస్తే కళ్ళ చోట రెండు మచ్చలు, జుట్టు చోట నలుపు మిగిలాయి.

"ముక్కు రాలే," అంది మేనత్త.

"అంత చిన్న ఫోటోలో ముక్కెక్కడిదమ్మా? ఇంకా పెద్దది చేస్తే ఉన్నది కూడా పోద్ది."

ఆమె ఆ కాగితాన్ని, కార్డును పక్కపక్కన పెట్టుకుని చూసింది. "గిట్లనే ఇయ్యి," అంది.

బల్ల దగ్గరికి వచ్చాం. అమ్మాయి రాసింది చదివి వినిపించింది. "ఈ ఫోటోలో ఉన్న పాప నా కూతురు. నా కూతురు ప్రస్తుతం..." అక్కడ ఆగి, "మీ నోటితో చెప్పాలమ్మా," అంది. ఆ మాట అడగడం ఆ అమ్మాయికీ కష్టంగానే ఉంది.

మేనత్త మేనకోడలి వైపు చూసింది. పిల్ల మోకాళ్ళ మీద తల వాల్చి కళ్ళు మూసుకుని ఉంది.

"సచ్చిపోయింది," అంది మేనత్త. "నా బిడ్డ సచ్చిపోయింది. ఇది మా అన్న బిడ్డ. దీన్ని తీస్కపోండ్రి."

వేలిముద్ర వేసి, కార్డు తనే బల్ల మీద అవతలివైపుకు తోసింది. తల్లిదండ్రులు పిల్లతో వ్యాన్ ఎక్కారు. తండ్రి ఎక్కుతూ అక్క వైపు చూశాడు.

తిరుగు ప్రయాణంలో అక్క, మేనత్త, నేను ముగ్గురమే. తెనాలిలో రేపల్లె బండి మారి కూర్చున్నాక మేనత్త మాట్లాడడం మొదలుపెట్టింది. కూతురు ఏమి తినేదో, ఏమి తినమంటే ఏడ్చేదో, ఇటుకల మీద బొగ్గుతో ఏమి గీసి మేస్త్రీతో తిట్లు తిన్నదో, జ్వరంలో ఏమి అడిగిందో చెప్పింది. వేమూరు దాటినా ఆపలేదు. అక్క మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఎవరినీ అంతసేపు మాట్లాడనిచ్చే మనిషి కాదు ఆమె. రేపల్లెలో దిగాక, రిక్షా దొరికేలోపు నాతో, "ఆ పిల్లకేమన్నా అయితే నేనేం చెయ్యాలి రా?" అని ఒక్కమాట అంది. ఆమె కోపమంతా భయమేనని అప్పుడు తెలిసింది. ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. ఫోన్ మోగితే మొదటి మోతకే తీసేది.

ఆపరేషన్ అయిందని, పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగిందని తండ్రి ఫోన్ చేసినప్పుడు మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. అక్క ఆగలేదు, అప్పుడే బట్టీకి తీసుకెళ్ళమంది. మేనత్త మట్టిలో మోకాళ్ళ లోతున ఉంది. అక్క ఒడ్డు మీద నిలబడే కేకేసి చెప్పింది.

ఆమె మట్టిలోంచి బయటికి వచ్చి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, అక్క ముందు నిలబడి, ఇంకోసారి చెప్పమంది. అక్క ఇంకోసారి చెప్పింది.